కళ్ళు తిరగడం అంటే కళ్ళు నిజంగానే తిరుగుతాయి: లోపలి చెవి జబ్బులపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చినవాళ్ళను మొదట అడిగేది ఇదే: "తల తిరుగుతోంది అనే మాట వాడకుండా, మీకేమవుతుందో చెప్పండి." కాసేపు తడుముకుంటారు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడుతుంది. ఒకరికి గది మొత్తం గిర్రున తిరుగుతుంది. ఒకరికి లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఇంకొకరికి ఏదీ తిరగదు, పడవలో నిలబడ్డట్టు రోజంతా ఒళ్ళు తేలిపోతుంటుంది. మరొకరు కూర్చున్నంతసేపూ బాగానే ఉంటారు, నడిస్తే తూలతారు. వీటన్నిటినీ మనం "కళ్ళు తిరుగుతున్నాయి" అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. బీపీ పడిపోయి సొమ్మసిల్లినా అదే మాట, చెవిలో తేడా వచ్చినా అదే మాట. సగం అపోహలు పుట్టేది ఇక్కడే.

అయినా ఆ మాటను నేను తిట్టలేను. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు కళ్ళు నిజంగానే కదులుతాయి. తల ఒక పక్కకు తిరుగుతోందని చెవి తప్పుడు కబురు పంపుతుంది. దాన్ని నమ్మి కళ్ళు మెల్లగా రెండో పక్కకు జారతాయి, మళ్ళీ టక్కున వెనక్కి వస్తాయి. దీన్ని నిస్టాగ్మస్ అంటారు. మా పరీక్షల్లో సగం, ఆ కదలిక ఎటు, ఎంతసేపు అని చూడటమే.

బ్యాలెన్స్ సమస్యలకు వ్యాయామ చికిత్స చేయించడం నా పని. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఈ బాధతో ఉన్నవాళ్ళే ఎక్కువగా వస్తారు. వాళ్ళ నోట తరచుగా వినే మాటలే ఇక్కడ అపోహలుగా పెడుతున్నాను.

అపోహ: మెడ ఎముకలు అరిగాయి, అందుకే తల తిరుగుతోంది.

వాస్తవం: నడివయసు దాటిన ఎవరి మెడకు ఎక్స్‌రే తీసినా కాస్తో కూస్తో అరుగుదల కనిపిస్తుంది. తల తిరగనివాళ్ళకూ కనిపిస్తుంది. ఎక్స్‌రేలో ఉన్నది నిజమే, తల తిరగడమూ నిజమే. ఒకదానివల్లే రెండోది వచ్చిందన్నదే తేలాల్సిన సంగతి.

"మెడ తిప్పితే వస్తోందండీ, ఇంకా మెడ కాకపోతే ఏంటి?" అని అడుగుతారు. మెడ తిప్పితే తలా తిరుగుతుంది, తలతోపాటు చెవీ తిరుగుతుంది. మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైఅరలోని వస్తువు కోసం తల ఎత్తినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతే నేను మొదట అనుమానించేది చెవిలోని స్ఫటికాలను. లోపలి చెవిలో గురుత్వాకర్షణను పసిగట్టే సంచిలాంటి భాగం ఒకటుంది. అందులో కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి. అవి ఊడి, పక్కనే ఉన్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే తల కదిపినప్పుడల్లా లోపలి ద్రవాన్ని కదిలిస్తాయి. ఈ జబ్బును బీపీపీవీ అంటారు. దీన్ని పట్టే డిక్స్-హాల్‌పైక్ పరీక్షను 1952లో వివరించారు. మంచం, చూసే కళ్ళు ఉంటే చాలు. జాన్ ఎప్లీ అనే అమెరికన్ వైద్యుడు 1992లో ప్రచురించిన పద్ధతిలో తలను వరసగా కొన్ని భంగిమల్లోకి తిప్పి ఆ రేణువులను వాటి చోటికి పంపేస్తాం. పట్టేది కొన్ని నిమిషాలు. చాలామందికి ఒకటి నుంచి మూడు సార్లలో తగ్గిపోతుంది.

రెండేళ్ళు మెడకు పట్టీ వేసుకుని తిరిగినావిడ ఒకరు, ఇలా పది నిమిషాల్లో తగ్గాక, సంతోషించాల్సింది పోయి కోప్పడ్డారు. "మరి ఈ రెండేళ్ళు ఎవరిస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

వేరే చెవి జబ్బుతో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఒక మాట. మెనియర్స్ (చెవి హోరు, వినికిడి తగ్గడంతోపాటు విడతలు విడతలుగా గిర్రున తిప్పే లోపలి చెవి జబ్బు) ఉన్నవాళ్ళకైనా, చెవి నరం వాపు వచ్చి తగ్గినవాళ్ళకైనా ఈ స్ఫటికాల సమస్య దానిపైన అదనంగా రావచ్చు. "పాత జబ్బే ముదిరింది" అని ఊరుకోకండి. పడుకున్నప్పుడు, ఒత్తిగిలినప్పుడు కొత్తగా గిర్రున తిరిగితే ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఇది మళ్ళీ మళ్ళీ రావచ్చు కూడా. విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్ళకు దాన్ని సరిచేస్తే తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో వచ్చిన కొరియా అధ్యయనం చెబుతోంది.

అపోహ: స్కాన్ నార్మల్ వచ్చింది, కాబట్టి జబ్బు లేదు. అంతా మనసులోనే.

వాస్తవం: స్కాన్ ఆకారాన్ని చూపిస్తుంది, పనితీరును చూపించదు. ఆగిపోయిన గడియారాన్ని ఫోటో తీసినా చక్కగానే వస్తుంది. లోపలి చెవి పని చేస్తోందో లేదో చూడటానికి వేరే పరీక్షలున్నాయి: తలను చటుక్కున తిప్పి కంటి కదలికను కెమెరాతో కొలిచేది, చెవిలోకి చల్లని, వెచ్చని నీళ్ళో గాలో పంపి చూసేది, వినికిడి పరీక్ష.

పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా, ఇలా తల తిరిగి పడిపోతే మెదడులోకి రక్తం ఎక్కువగా చేరిందనే అనుకునేవారు. 1861లో ప్రాస్పర్ మెనియర్ అనే వైద్యుడు పారిస్‌లో, దీనికి లోపలి చెవి కారణం కావచ్చని చెప్పాడు. ఆయన పేరే జబ్బుకు మిగిలింది.

ఇక మనసు సంగతి. కాలి కింద నేల నమ్మకంగా లేనప్పుడు భయం వేయకపోతేనే విచిత్రం. బ్యాలెన్స్ కేంద్రాలకూ, భయాన్ని నడిపే కేంద్రాలకూ మెదడులో నేరుగా లంకె ఉంది. కాబట్టి టెన్షన్ పెరిగితే తూలుడు పెరుగుతుంది, తూలుడు పెరిగితే టెన్షన్ పెరుగుతుంది. చెవి దెబ్బ మానిపోయాక కూడా ఈ చక్రం ఆగకుండా, మూడు నెలలకు మించి దాదాపు రోజూ తేలిపోతున్నట్టు ఉండే స్థితిని పీపీపీడీ అంటారు. దాని లక్షణాలను బ్యాలెన్స్ జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘమైన బరానీ సొసైటీ 2017లో నిర్వచించింది. నిలబడితే, కదిలితే, జనం మధ్యకు వెళ్తే, ఫోన్ స్క్రీన్ వేళ్ళతో జరుపుతుంటే ఎక్కువవుతుంది. దీనికి పేరుంది, చికిత్స ఉంది. "ఊరికే ఊహించుకుంటున్నావు" అని ఇంట్లోవాళ్ళు అనడం చికిత్స కిందికి రాదు.

అపోహ: పూర్తిగా తగ్గేదాకా కదలకుండా పడుకోవాలి.

వాస్తవం: నేను రోజూ పోట్లాడేది ఈ అపోహతోనే. పైకి ఇది తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కదిలితే తిరుగుతోంది, కదలకపోతే లేదు. మరి కదలడం ఎందుకు?

తల కదలకపోయినా రెండు చెవుల నరాలూ మెదడుకు ఎడతెగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. రెండూ సమానంగా ఉంటే తల నిలకడగా ఉందని మెదడుకు లెక్క. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి చతికిలబడితే బండి పక్కకు లాగినట్టు, ఒక చెవి మూగబోతే మెదడుకు లెక్క తప్పి లోకమంతా తిరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు భరించలేనంతగా ఉంటుంది, వాంతులవుతాయి. అప్పుడు పడుకోవాల్సిందే, ఎవరూ కాదనరు. ఆ తర్వాత మెదడు తన లెక్కను సరిచేసుకోవడం మొదలుపెడుతుంది. నిలకడగా ఉన్నప్పటి తేడాను చాలావరకు తానే సర్దుకుంటుంది. కదిలేటప్పటి తేడాను మాత్రం కదిలితేనే నేర్చుకోగలదు. తల తిప్పినప్పుడు ఎదురుగా ఉన్న అక్షరం చెదిరిందనుకోండి, ఆ చెదరడమే దానికి పాఠం. తల కదపకుండా, మెడ బిగబట్టి ఒళ్ళంతా ఒకేసారి తిప్పేవాళ్ళకు ఆ పాఠం అందదు. ఆర్నెల్లయినా మొదటి వారం దగ్గరే ఆగిపోతారు. పైగా బిగబట్టిన మెడ నొప్పి పెడుతుంది, అప్పుడు "చూశారా, మెడే" అంటారు!

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1940లలో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు, ఇలాంటి రోగుల్లో తొందరగా కదలడం మొదలుపెట్టినవాళ్ళే బాగా కోలుకుంటున్నారని గమనించి వ్యాయామాలు రూపొందించారు. ఇప్పుడు మేం చేయించేవాటికి పునాది అదే.

అన్నిటికంటే తేలికైనదాన్ని చెబుతాను. ఒక చీటీ మీద ఒక్క అక్షరం రాసి, కంటి ఎత్తులో చేయి చాపినంత దూరంలో పట్టుకోండి. చూపు అక్షరం మీదే నిలిపి తలను కుడికీ ఎడమకూ, కాదన్నట్టు, కొద్దికొద్దిగా తిప్పండి. అక్షరం చెదరడం మొదలయ్యే అంచున వేగం ఉండాలి. కాస్త తిరిగినట్టు అనిపించాలి. అసలేమీ అనిపించకపోతే అది మీకు చాలనట్టే. ఆపాక పావుగంటలో సర్దుకుంటే సరైన మోతాదు, సాయంత్రం దాకా పడుకోబెడితే ఎక్కువైంది. పాత సమస్య అయితే ఇలాంటి చూపు వ్యాయామాలను రోజులో నాలుగైదు సార్లుగా విడగొట్టి, మొత్తం ఇరవై నిమిషాల చొప్పున 4 నుంచి 6 వారాలు చేయిస్తాం. మొదటి వారం బాధ పెరిగినట్టు ఉంటుంది. మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ వారంలోనే మానేస్తారు. మొదలుపెట్టే ముందు మాత్రం మీ తల తిరుగుడు ఏ రకమో తేల్చుకోండి, అన్నిటికీ ఒకే వ్యాయామం పనికిరాదు.

అపోహ: మాత్ర మానేస్తే మళ్ళీ వస్తుంది, జీవితాంతం వేసుకోవాల్సిందే.

వాస్తవం: ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ లాంటి మందులు బ్యాలెన్స్ సంకేతాలను అణచిపెడతాయి. మొదటి రెండు మూడు రోజుల ఉధృతికి అవి వరం. నెలల తరబడి వాడితే, మెదడు నేర్చుకోవాల్సిన పాఠాన్నే మసకబారుస్తాయి. పెద్దవాళ్ళలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం లాంటి పార్కిన్సన్స్ తరహా లక్షణాలూ తెచ్చిపెట్టగలవు. అలాగని ఇది చదివి రేపే మానేయకండి. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోండి.

బీటాహిస్టిన్ వేరే రకం మందు, ఇలా అణచిపెట్టదు. మెనియర్స్‌కు దీన్ని విరివిగా రాస్తారు. 2016లో వెలువడిన ఒక జర్మన్ ట్రయల్‌లో మాత్రం ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు. రెండు రకాల మాత్రలు వేసుకున్నవాళ్ళకూ దాడులు తగ్గాయి. మెనియర్స్ స్వభావమే అంత, కొన్నాళ్ళు విరుచుకుపడుతుంది, కొన్నాళ్ళు నిద్రపోతుంది. అది నిద్రపోయినప్పుడు చేతిలో ఏ మందు ఉంటే దానికి పేరొస్తుంది. ఉప్పు తగ్గించడం గురించీ ఇంతే, సలహాగా చెబుతారు గానీ గట్టి ఆధారాలు లేవు. నష్టం లేదు కాబట్టి నేనూ వద్దనను.

అపోహ: తలనొప్పి లేదు కాబట్టి మైగ్రేన్ కాదు.

వాస్తవం: తల తిరుగుడుగా బయటపడే మైగ్రేన్‌ను వెస్టిబ్యులర్ మైగ్రేన్ అంటారు. అందులో తల తిరిగే ప్రతిసారీ తలనొప్పి ఉండాలని లేదు. వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, ఒకప్పుడు మైగ్రేన్ ఉండటం ఆనవాళ్ళు. ఏళ్ళుగా మెనియర్స్ అనుకున్నది ఇది అని తేలిన సందర్భాలు తక్కువేమీ కాదు.

అపోహ: నాకేమీ గిర్రున తిరగడం లేదు, కాబట్టి చెవి బాగానే ఉంది.

వాస్తవం: రెండు చెవులూ ఒకే తీరుగా దెబ్బతింటే తిరగడమే ఉండదు, ఎందుకంటే తేడా ఉండదు. జోడెద్దులు రెండూ ఒకేసారి చతికిలబడినట్టు. జెంటామైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్ మందుల వల్ల ఇలా జరగవచ్చు. వెలుగులో, చదునైన నేల మీద పర్వాలేదనిపిస్తుంది. చీకట్లో, ఇసుకలో, మెత్తటి నేల మీద నడవలేరు. నడుస్తుంటే ఎదుటి మనిషి ముఖం, బోర్డు మీది అక్షరాలు ఎగిరెగిరి పడతాయి. అదే కోవకు చెందిన స్ట్రెప్టోమైసిన్ వల్ల ఈ స్థితికి వచ్చిన ఒక వైద్యుడు 1952లో తన అనుభవాన్ని వైద్య పత్రికలో రాశాడు. గుండె కొట్టుకునేటప్పటి కదలికకే అక్షరాలు చెదిరిపోతుంటే, చదువుకోవడానికి మంచం తలాపున ఉండే కడ్డీల మధ్య తలను ఆనించి కదలకుండా పట్టుకునేవాడట. అది చదివిన రోజు నుంచి, "నడుస్తుంటే బోర్డులు ఊగుతున్నాయి" అన్నవాళ్ళను నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఇలా రెండు చెవులూ దెబ్బతిన్నవాళ్ళు రాత్రిపూట ఒక చిన్న దీపం వెలిగించి పెట్టుకోవాలి. ఒంటరిగా ఈత వద్దు. నీటి అడుగున కళ్ళు మూసుకుంటే పైకి ఏదో కిందికి ఏదో తెలియదు.

అపోహ: ఇది చెవి జబ్బే, ప్రాణాపాయం లేదు, ఎప్పుడు చూపించుకున్నా ఫర్వాలేదు.

వాస్తవం: ఉన్నట్టుండి మొదలైన తల తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, పట్టుకోకుండా అసలు నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్షవాతం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పాత చెవి రోగులు దీన్ని "నాకు మామూలేగా" అని దాటేస్తారు, అక్కడే ప్రమాదం. ఒక చెవి హఠాత్తుగా వినపడకపోయినా ఆ రోజే చూపించుకోండి. చికిత్సకు తొలి రోజులే కీలకం.

అపోహ: చూడ్డానికి బాగానే ఉన్నాడు, నిన్న బజారుకూ వెళ్ళొచ్చాడు, ఇవాళ ఏమైంది?

వాస్తవం: మనకు అప్రయత్నంగా జరిగిపోయే నిలబడటం, నడవటం లోపలి చెవి దెబ్బతిన్నవాళ్ళు కంటితో, బుద్ధితో కనిపెట్టుకుంటూ చేస్తారు. అందుకే నడుస్తూ మాట్లాడమంటే ఆగిపోతారు, సాయంత్రానికి అలిసిపోతారు, మాటలు తడబడతాయి. జ్వరం వచ్చినా, రెండు రాత్రులు నిద్ర లేకపోయినా మెదడు కష్టపడి సర్దుకున్న లెక్క కొన్నాళ్ళు చెదురుతుంది. మొదటికొచ్చిందని బెంగ పడతారు గానీ, రెండోసారి సర్దుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం సాధారణంగా పట్టదు.

అపోహ: కర్ర పట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టే.

వాస్తవం: కర్ర మీద బరువు వేయనక్కర్లేదు. వేలి కొన కదలని వస్తువును తాకినా చాలు, ఒళ్ళు ఊగడం తగ్గుతుంది. చెవి ఇవ్వలేని కబురు చేతి వేళ్ళు ఇస్తాయి. ఇదంతా వివరంగా చెప్పినా ఒక పెద్దాయన ససేమిరా అన్నారు. తర్వాతి వారం పొడుగు గొడుగు పట్టుకుని వచ్చారు. బయట ఎండ మండిపోతోంది. నేనేమీ అనలేదు, గొడుగు కింద రబ్బరు మూత ఉందో లేదో మాత్రం చూశాను.