ఏడాది రాయని తేదీ: సాఫ్ట్‌వేర్ పూరించే ఖాళీ వెనుక కథ

"మార్చి 4న వస్తాను" అంటే రాబోయే మార్చి అనీ, "మార్చి 4న వచ్చాను" అంటే గడిచిన మార్చి అనీ మనకు క్రియాపదమే చెబుతుంది. గడిలో రోజు, నెల మాత్రమే టైపు చేసినప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆధారం ఉండదు. అయినా అది ఏదో ఒక ఏడాదిని ఎంచుకుంటుంది.

1980లలో సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగంగా ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సిస్‌లాగ్‌లో, అంటే కంప్యూటర్‌లో జరిగే సంఘటనలను నమోదు చేసే వ్యవస్థలో, ప్రతి నమోదు నెల, రోజు, సమయంతో మొదలయ్యేది; ఏడాది ఉండేది కాదు. అప్పటికే వాడుకలో స్థిరపడిన ఈ రూపాన్ని 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఉన్నదున్నట్లు గ్రంథస్థం చేసింది. అలాంటి లాగ్‌కు (నమోదుల జాబితాకు) ప్రస్తుత సంవత్సరాన్ని తగిలించే ప్రోగ్రాము జనవరి 1న నడిస్తే, ముందు రోజు రాత్రి జరిగిన సంఘటన దాదాపు ఏడాది తర్వాత జరగబోయేదిగా కనిపిస్తుంది. నాలుగంకెల సంవత్సరంతో కూడిన తేదీ రూపం 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424తో వచ్చింది.

స్ప్రెడ్‌షీట్లలో చిక్కు మరింత లోతైనది. ఏడాది లేని తేదీకి ఎక్సెల్ ప్రస్తుత సంవత్సరాన్ని చేర్చి, దాన్ని ఒక వరుస సంఖ్యగా భద్రపరుస్తుంది. గడిలో మాత్రం రోజూ నెలా మాత్రమే చూపుతుంది కాబట్టి, తాను రాయని ఏడాది లోపల చేరిందని రాసినవారికి తెలియదు. పొరపాటు కంటే అది కనిపించకపోవడమే పెద్ద హాని అని నా అభిప్రాయం. మార్చ్1, సెప్ట్2 వంటి జన్యువుల పేర్లు కూడా ఇలాగే తేదీలుగా మారిపోతుండడంతో, చివరకు 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది.

ప్రోగ్రామింగ్ భాషల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఏడాది ఇవ్వకపోతే పైథాన్‌లో తేదీలను చదివే స్ట్రిప్‌టైమ్ అనే ఫంక్షన్ 1900ను, క్రోమ్ బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ 2001ను తీసుకుంటాయి. రెండూ లీపు సంవత్సరాలు కావు. అందుకే ఫిబ్రవరి 29 అని రాస్తే పైథాన్ దాన్ని దోషంగా తిరస్కరిస్తుంది. మిగతా రోజుల్లో సవ్యంగా నడిచే ప్రోగ్రాము నాలుగేళ్లకోసారి ఆ ఒక్క రోజున ఆగిపోవడానికి కారణం ఇదే.

తెలియని ఏడాదిని తెలియనిదిగానే ఉంచే మార్గం ఒకప్పుడు ప్రమాణాల్లోనే ఉండేది. తేదీలను రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601 యొక్క 2000 నాటి కూర్పు ఏడాది స్థానంలో రెండు అడ్డగీతలు పెట్టడానికి అనుమతించింది. 2004 కూర్పు దాన్ని తొలగించింది. అయినా పుట్టిన ఏడాది చెప్పని పుట్టినరోజుల కోసం, పరిచయాల వివరాలను భద్రపరిచే ఫైల్ రూపమైన వీకార్డ్ 2011లో వచ్చిన తన నాలుగో కూర్పులో ఆ పాత రూపాన్నే ఎంచుకుంది. పైథాన్ 3.13 ఏడాది లేని తేదీలను చదివేటప్పుడు హెచ్చరిక చూపుతుంది. చదవడానికి ముందే ఒక లీపు సంవత్సరాన్ని చేర్చమని సూచిస్తూ, దాని పత్రాలు ఉదాహరణగా 1984ను వాడాయి.