క్లౌడ్ స్టాక్ టెంప్లేట్లు: మన దగ్గర తిరుగుతున్న అపోహలు - వాస్తవాలు

2023లో మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచాక క్లౌడ్ పని మన ఊళ్లలోనూ వినిపిస్తోంది. దాంతోపాటు సగం తెలిసిన మాటలూ తిరుగుతున్నాయి. స్టాక్ అంటే ఒక యాప్ కోసం కలిపి కట్టే సర్వర్లు, డేటాబేస్ వగైరా మొత్తం, దాన్ని ఎలా కట్టాలో రాసిన ఫైలే టెంప్లేట్. వీటి మీద తిరిగే మాటలు కొన్ని ఇక్కడే తేల్చేద్దాం.

అపోహ: ఎన్ని ఎక్కువ పారామీటర్లు (వాడేటప్పుడు నింపుకునే ఖాళీలు) పెడితే టెంప్లేట్‌ను అన్ని ఎక్కువ చోట్ల వాడుకోవచ్చు.

వాస్తవం: ఉల్టా. మిర్యాలగూడ రైస్ మిల్లు బిల్లింగ్ యాప్‌కైనా, పాలమూరులో కోచింగ్ సెంటర్ పోర్టల్‌కైనా స్టాక్ దాదాపు ఒకటే: ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చేవాళ్లను సర్వర్లకు పంచేది), వెనక రెండు యాప్ సర్వర్లు, లోపల డేటాబేస్. మారేది పేరు, డొమైన్, సర్వర్ సైజు, బ్యాకప్ ఎన్ని రోజులు ఉంచాలన్నది, అంతే. క్లౌడ్‌ఫార్మేషన్ (టెంప్లేట్ చదివి స్టాక్ కట్టే అమెజాన్ టూల్) ఒక టెంప్లేట్‌లో 200 పారామీటర్ల దాకా ఒప్పుకుంటుంది, ఒప్పుకుంటుంది కదా అని డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవాలా వద్దా అన్నది కూడా పారామీటర్ చేసి పెడితే, సైట్ పడిపోయిన రాత్రి టెన్షన్‌లో ఎవరో ఒకరు దానికి 'అవును' అని కొడతారు. అలాంటివి టెంప్లేట్ రాసేవాడే తేల్చి, లోపల బిగించేయాలి.

అపోహ: ముంబై రీజియన్‌లో (క్లౌడ్ కంపెనీ డేటాసెంటర్లున్న ప్రాంతం) నడిచింది హైదరాబాద్‌లోనూ అలాగే నడుస్తుంది.

వాస్తవం: ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చింది. ముందు దాన్ని అకౌంట్‌లో ఆన్ చేసుకోవాలి. మెషీన్ ఇమేజ్ (సర్వర్‌ను లేపే అచ్చు) ఐడీ రీజియన్‌కొకటి, కాబట్టి ఐడీని నేరుగా రాయకుండా అక్కడి నుంచే వెతికి తెచ్చుకునేలా రాయండి.

అపోహ: టెంప్లేట్‌లో ఒక లైన్ మారిస్తే సర్వర్‌లోనూ ఆ ఒక్కటే మారుతుంది.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఇదే. కొన్ని మార్పులు ఉన్నచోట జరగవు. ఎన్‌క్రిప్షన్ తర్వాత ఆన్ చేసుకుందాంలే అని వదిలేసిన ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీస్) డేటాబేస్‌కు ఆ లైన్ మార్చి చూడండి, క్లౌడ్‌ఫార్మేషన్ పాతదాని చోట కొత్తది కడుతుంది, స్నాప్‌షాట్ (తీసిపెట్టిన డేటా కాపీ) నుంచి కట్టమని చెప్పకపోతే అది ఖాళీగానే వస్తుంది. అందుకే అప్‌డేట్ కొట్టే ముందు చేంజ్ సెట్ (ఏమేం మారబోతున్నాయో చూపే జాబితా) తీసి, 'రీప్లేస్‌మెంట్' ఎదురుగా ఏముందో చదవాలి. డేటాబేస్‌కు డిలీషన్ పాలసీ, అప్‌డేట్ రీప్లేస్ పాలసీ రెండూ 'రిటైన్' (పాతది చెరపకుండా ఉంచు) అని పెట్టాలి. ఇంకా మంచిది, డేటాబేస్‌ను వేరే స్టాక్‌లోనే ఉంచడం. యాప్ సర్వర్లను వారానికోసారి పీకి కట్టినా డేటా జోలికి పోనక్కర్లేదు.

అపోహ: టెర్రాఫామ్‌లో (క్లౌడ్‌ఫార్మేషన్ లాంటిదే ఇంకో టూల్) 'సెన్సిటివ్' అని రాస్తే పాస్‌వర్డ్ భద్రం.

వాస్తవం: తెర మీద కనపడదంతే. మామూలుగా స్టేట్ ఫైల్‌లో (ఏమేం కట్టిందో టెర్రాఫామ్ రాసుకునే ఫైల్) అది ఉన్నదున్నట్టే ఉంటుంది. ఆ ఫైల్‌ను గిట్‌లో (కోడ్ పాత వెర్షన్లన్నీ దాచే చోటు) పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దండం పెడతా, తీసేయండి, తీసేశాక పాస్‌వర్డ్ కూడా మార్చండి, ఎందుకంటే గిట్ హిస్టరీలో పాతది అలాగే ఉంటుంది.

అపోహ: యూజర్ డేటా స్క్రిప్ట్ (సర్వర్ లేచేటప్పుడు దాన్ని సెటప్ చేసే స్క్రిప్ట్) రీబూట్ చేసినప్పుడల్లా నడుస్తుంది.

వాస్తవం: మామూలుగా మొదటి బూట్‌లోనే. స్క్రిప్ట్ మార్చి సర్వర్‌ను రీబూట్ చేస్తూ కూర్చుంటే ఏమీ మారదు, కొత్త సర్వర్ లేపండి.