సయామీస్ పిల్లి: రంగు సయాంది, ముఖం క్యాట్ షోలది

థాయ్‌లాండ్‌లో (పాత పేరు సయాం) ఇళ్లలో తిరిగే సయామీస్ పిల్లినీ, క్యాట్ షోలో బహుమతి కొట్టే సయామీస్‌నీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. మొదటిదానికి కాస్త గుండ్రటి తల, గట్టి ఒళ్లు. రెండోదానికి సన్నగా సాగిన ఒళ్లు, ముక్కు కొస నుంచి చెవుల దాకా స్కేలు పెట్టి గీసినట్టున్న త్రికోణపు ముఖం. నీలికళ్లు, నల్లటి మూతి, చెవులు, కాళ్లు, తోక మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ రంగు పాతది. 'తమ్రా మేవ్' అనే పాత థాయ్ పిల్లుల పద్య గ్రంథాల్లో 'విచియన్ మాట్' పేరుతో ఈ పిల్లి వర్ణన ఉంది. టైరోసినేజ్ అనే ఎంజైము జన్యువులో మార్పు వల్ల ఆ ఎంజైము ఒంటి వేడికి సరిగా పనిచేయదు, చల్లగా ఉండే కొసల్లోనే రంగు తయారు చేస్తుంది. తల్లి కడుపులో అంతటా వెచ్చన కాబట్టి పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి. కొద్ది రోజులకు ముందుగా చెవుల అంచులు నల్లబడతాయి. ఆపరేషన్ కోసం పొట్ట గొరిగితే అక్కడ చర్మం చల్లబడి, కొత్త వెంట్రుకలు ముదురు రంగులో వస్తాయి. కంగారు పడనక్కర్లేదు, అవి రాలి మళ్లీ మొలిచేటప్పుడు మామూలు రంగు వస్తుంది.

1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ క్యాట్ షోలో ఇవి తొలిసారి జనం కంట పడ్డాయి. 1884లో బాంకాక్‌లోని గూల్డ్ అనే బ్రిటిష్ కాన్సులేట్ అధికారి 'ఫో', 'మియా' అనే పిల్లుల జంటను తన సోదరి లిలియన్ వెలీకి తెచ్చిచ్చాడు. వాటి పిల్లలు మరుసటి ఏడాది షోలో మెప్పు పొందాయి, కానీ ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. ఈ జాతి పిల్లి ఎలా ఉండాలో చెప్పే మొదటి ప్రమాణాలు 1892లో రాశారు. 1901లో సయామీస్ క్యాట్ క్లబ్ పుట్టింది, దాని స్థాపకుల్లో వెలీ ఒకరు.

తొలి పిల్లుల్లో మెల్లకన్ను, వంకర తోక చాలా మామూలు. తర్వాత వాటిని లోపాలుగా లెక్కగట్టి, అలాంటివాటిని సంతానం కోసం వాడటం మానేశారు. మెల్లకన్ను రంగు జన్యువుతో ముడిపడింది: రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే పొర) నుంచి వచ్చే నరాల్లో ఉండాల్సినదానికన్నా ఎక్కువ పోగులు మెదడులో అవతలి పక్కకు దాటుతాయి. కాబట్టి కన్ను తిన్నగా ఉన్న సయామీస్‌లోనూ ఆ తేడా మిగిలే ఉంటుంది. కంటికి కనబడింది పోయింది, లోపలిది పోలేదు.

1950ల తర్వాత షోలలో సన్నదనానికి మార్కులు పెరిగాయి. ఒక తరంలో సన్నటిదాన్ని గెలిపిస్తే, మరుసటి తరంలో అంతకన్నా సన్నటిది వస్తుంది. 1980ల నాటికి పాత రూపం షోల నుంచి దాదాపు మాయమైంది. దాన్ని అట్టిపెట్టుకున్న పెంపకందారుల పట్టుదల వల్లే అంతర్జాతీయ పిల్లుల సంస్థ టికా (TICA) ఆ పిల్లిని 'థాయ్' పేరుతో వేరే జాతిగా గుర్తించింది.

ముఖం మీద ఇంత తగువు పడేవాళ్లు జోడీ కట్టే ముందు రెటీనా క్షీణతకు జన్యు పరీక్ష చేయించాలి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచిన నమూనా చాలు. ముందు రాత్రి చూపు తగ్గి, తర్వాత పూర్తి గుడ్డితనం వచ్చే జబ్బు అది. జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలోనే లోపం ఉన్న పిల్లికి చూపు బాగానే ఉంటుంది, దాన్ని జోడీ కట్టడం మానేయకండి. లోపం లేని జోడీతో కలిపి, పుట్టిన పిల్లలకు పరీక్ష చేయండి. అలాంటివన్నీ పక్కన పెడితే, అసలే చిన్నదైన వంశం ఇంకా కుదించుకుపోతుంది.