బిషప్ బెల్ పేరు మీద నీలినీడ ఎక్కడి నుంచి వచ్చింది

ఇంగ్లండ్ దక్షిణాన, చిచెస్టర్ కెథడ్రల్ పక్కన కానన్ లేన్ అని ఒక చిన్న సందు ఉంది. అక్కడి నాలుగో నంబరు ఇంటికి 2008లో ఇంగ్లండ్ చర్చి పెద్ద అయిన అప్పటి క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ చేతుల మీదుగా, ఒకప్పుడు ఇక్కడ బిషప్‌గా ఉన్న జార్జ్ బెల్ పేరిట జార్జ్ బెల్ హౌస్ అని పేరు పెట్టారు. ఏడేళ్లు తిరిగేసరికి ఆ పేరు తీసేశారు. ఇంటికి అప్పుడు మిగిలినవి డోర్ నంబరు, సందు పేరు. ఈస్ట్‌బోర్న్‌లో బిషప్ బెల్ పేరుతో నడిచిన బడి కూడా పేరు మార్చుకుంది. ఒక లైంగిక వేధింపు ఆరోపణ మీద, కన్నుమూసి 57 ఏళ్లయిన మనిషి పేరును కొన్ని వారాల్లో చెరిపేసేంత తొందర చర్చికి ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకు రావడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో కొన్నేళ్లపాటు అబ్బాయిలను హింసించిన జాన్ స్మైత్ సంగతి 2013లో తెలిసినా చేయాల్సినంత చేయలేదని ఆ వ్యవహారాన్ని సమీక్షించిన మేకిన్ నివేదిక తప్పుపట్టడంతో ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2024 నవంబరులో రాజీనామా ప్రకటించారు. చర్చి పెద్దల మీద ఫిర్యాదు వస్తే చర్చే విచారించుకోవచ్చా, బయటివాళ్లకు అప్పగించాలా అన్న తగువు అప్పటి నుంచి రాజుకుంటూనే ఉంది. ఇందులో రెండు పక్షాలూ సాక్ష్యానికి పిలిచేది చిచెస్టర్‌నే. 1075లో పీఠం సెల్సీ నుంచి ఇక్కడికి మారిన వైనం, పదమూడో శతాబ్దపు సెయింట్ రిచర్డ్ కథ, 1861లో శిఖరం కూలిన కథ ఏ పర్యాటక పుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటి జోలికి పోను. ఈ తగువుకు పనికొచ్చే చరిత్ర గత ముప్పై ఏళ్లదే.

అయినా బెల్ ఎవరో తెలియకపోతే, పోయినదేమిటో అర్థం కాదు. 1929 నుంచి 1958 దాకా చిచెస్టర్ బిషప్. రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ 1931 అక్టోబరులో ఒక వారాంతం చిచెస్టర్‌లో ఆయన అతిథిగా గడిపారు. హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన వాళ్లకు ఆశ్రయం కోసం బెల్ తిరగని గడప లేదు. నాజీలు ఉరితీసిన పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్ చివరి కబురు పంపింది ఆయనకే. 1944 ఫిబ్రవరి 9న, దేశమంతా యుద్ధావేశంలో ఉన్నప్పుడు, ప్రభువుల సభలో లేచి నిలబడి, జర్మన్ నగరాల మీద విచక్షణ లేకుండా బాంబులు వేయడం ఏం న్యాయమని సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. అదే ఏడాది ఆర్చిబిషప్ విలియం టెంపుల్ చనిపోతే ఆ పీఠం బెల్‌కు దక్కలేదు. ఆ ప్రసంగమే అడ్డుపడిందని చాలామంది నమ్మకం. ఇంగ్లండ్ చర్చిలో ఇరవయ్యో శతాబ్దపు గొప్పవాళ్లను లెక్కపెడితే మొదటి నలుగురైదుగురిలో ఈయన పేరు ఉండేది.

అసలు మలుపు బెల్ కాలంలో లేదు. చాలామంది చెప్పే 2015లోనూ లేదు. అది 1992 డిసెంబరులో ఉంది.

పీటర్ బాల్ 1977 నుంచి చిచెస్టర్ డయాసిస్‌లోనే (బిషప్ ఏలుబడిలోని చర్చి ప్రాంతం) లూయిస్ ప్రాంతానికి సహాయ బిషప్. సన్యాసి దుస్తుల్లో, నిరాడంబరుడిగా పేరు తెచ్చుకున్నారు. అప్పటి బిషప్ ఎరిక్ కెంప్ డయాసిస్‌ను ప్రాంతాలుగా పంచి, సహాయ బిషప్‌లకు దాదాపు సొంత రాజ్యాలు ఇచ్చారు. ఆ పైన అడిగే నాథుడు లేడు. దేవుడికి ఒక ఏడాది ఇమ్మంటూ బాల్ నడిపిన పథకంలో యువకులు ఆయన ఇంట్లోనే ఉండేవారు. 1992లో ఆయన గ్లాస్టర్ బిషప్‌గా వెళ్లారు. ఆ ఏడాది చివర్లో, అలా ఉండి వచ్చిన ఒక యువకుడి ఫిర్యాదు మీద పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. పార్లమెంటు సభ్యులు, పెద్ద పెద్ద హోదాల వాళ్లు ఆయన మంచితనానికి హామీ ఇస్తూ ఉత్తరాలు రాశారు. 1993 మార్చిలో కేసు కోర్టు మెట్లెక్కకుండా ఒక పోలీసు హెచ్చరికతో ముగిసింది. బాల్ రాజీనామా చేశారు. కొన్నాళ్లకు మళ్లీ ఆరాధనలు జరిపించే అనుమతి కూడా వచ్చింది.

ఆ రోజుల్లో ఆర్చిబిషప్ కార్యాలయానికి బాల్ గురించి ఏడు ఉత్తరాలు అందాయి. పోలీసులకు చేరింది ఒక్కటే. మిగిలిన ఆరూ ఆర్చిబిషప్ ఉండే లాంబెత్ ప్యాలెస్ గడప దాటలేదని 2017లో డేమ్ మోయిరా గిబ్ నివేదిక బయటపెట్టింది. ఆ ఆరు కాగితాల బరువే తర్వాత బెల్ మీద పడిందని నేను అనుకుంటాను. ఫిర్యాదు చేసిన యువకుడు 2012లో ప్రాణం తీసుకున్నాడు. 2015 అక్టోబరు 7న, 83 ఏళ్ల వయసులో, బాల్‌కు 32 నెలల జైలు శిక్ష పడింది. ఆ తీర్పు వినడానికి ఆ యువకుడు లేడు.

సరిగ్గా పదిహేను రోజులు గడిచాయి. అక్టోబరు 22న చర్చి ఇంకో ప్రకటన ఇచ్చింది. నలభైల చివర్లో, యాభైల మొదట్లో తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడు బెల్ లైంగికంగా వేధించారని ఒక మహిళ చేసిన ఫిర్యాదులో పరిహారం చెల్లించామని, ప్రస్తుత బిషప్ మార్టిన్ వార్నర్ క్షమాపణ చెప్పారని దాని సారాంశం. బెల్ బతికి ఉంటే అరెస్టు చేసి ప్రశ్నించేందుకు తగిన సమాచారం ఉందని పోలీసులు అన్నట్టూ చెప్పారు. అరెస్టుకు అనుమానం ఉంటే చాలు, నేరం రుజువు కానక్కర్లేదు. ఆ తేడా ఎవరికి పట్టింది? మర్నాడు పత్రికలన్నీ బెల్‌ను దోషిగానే రాశాయి. పేర్లు తీసేయడం అప్పుడే మొదలైంది. 2016లో ప్రభువుల సభలో నిలదీస్తే, ప్రకటనలు జాగ్రత్తగా చదవండి, దోషి అని మేమెక్కడా అనలేదు అని డరమ్ బిషప్ జవాబిచ్చారు. అక్షరం ప్రకారం నిజమే. కానీ అప్పటికే ఊరంతా దోషి అంటోంది.

ఆ మహిళ వైపు మాటా చెప్పాలి. ఆమె 1995లోనే ఎరిక్ కెంప్‌కు ఉత్తరం రాశారు. బాల్ వ్యవహారం కళ్లముందు జరిగి రెండేళ్లే అయిన ఆ కార్యాలయం ఆమెను పోలీసుల దగ్గరకు తీసుకెళ్లలేదు, సాక్ష్యం కూడా సేకరించలేదు. అప్పుడే విచారించి ఉంటే బెల్ ఇంట్లో పనిచేసిన వాళ్లు, తెలిసిన వాళ్లు మరింత మంది దొరికేవారు. 2013లో ఆమె మళ్లీ లాంబెత్‌కు రాసేదాకా ఎవరూ కదల్లేదు. నిజం తేలే దారి మూసుకుపోవడానికి ఆమె కారణం కాదు.

చర్చి అడిగితేనే ఈ వ్యవహారాన్ని సమీక్షించిన న్యాయవాది లార్డ్ కార్లైల్ నివేదిక 2017 డిసెంబరు 15న బయటికొచ్చింది. బెల్ దోషా కాదా అని తేల్చడం ఆయన పని కాదు, విచారణ జరిగిన తీరు మాత్రమే చూశారు. చూసింది చాలు. నిర్ణయం తీసుకున్న బృందంలో బెల్ తరఫున మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. యాభైల తొలి నాళ్లలో బెల్‌తో పాటు ఆ ఇంట్లోనే ఉన్న ఆయన సహాయ పాదిరి అప్పటికి ఇంకా బతికే ఉన్నారు. ఆయనను చర్చి పలకరించను కూడా లేదు. కార్లైల్ వెతికితే సులువుగా దొరికారు. పాత తప్పుల నుంచి నేర్చుకోలేదన్న నింద వస్తుందన్న భయంతో చర్చి గట్టి విచారణ లేకుండానే ఆరోపణను ఒప్పేసుకుందని, స్టీరింగ్ అవతలి వైపుకు మరీ ఎక్కువగా తిప్పేసిందని కార్లైల్ తేల్చారు. నేను పైన చెప్పిన ఆరు కాగితాల బరువు ఇదే.

ఆ రోజే వెల్బీ, బెల్ పేరు మీద పెద్ద నీలినీడ మిగిలే ఉందన్నారు. ఆ ఒక్క మాట నాలుగేళ్లు నిలిచింది. 2018 జనవరి చివర్లో కొత్త సమాచారం వచ్చిందని చర్చి ప్రకటించింది. దాన్ని పరిశీలించిన న్యాయాధికారి టిమొతీ బ్రైడెన్ 2019 జనవరిలో ఆ ఆరోపణలకు ఆధారం లేదన్నారు. అప్పుడు వెల్బీ క్షమాపణ చెప్పారు గానీ నీలినీడ మాట వెనక్కి తీసుకోలేదు. అది తీసుకున్నది 2021 నవంబరులో. ఆగిపోయిన బెల్ విగ్రహం క్యాంటర్‌బరీ కెథడ్రల్ మీద నిలబెడతామన్న మాట కూడా అప్పుడే వచ్చింది.

మరోవైపు, చిచెస్టర్ మీద అంత అనుమానం ఊరికే పుట్టలేదు. పిల్లల మీద లైంగిక నేరాలను పరిశీలించిన జాతీయ విచారణ సంఘం 2019 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, యాభై ఏళ్లలో ఈ ఒక్క డయాసిస్‌తో సంబంధం ఉన్న 20 మందికి అలాంటి నేరాల్లో శిక్ష పడడమో, వాళ్లే నేరం ఒప్పుకోవడమో జరిగింది. బయటి సంస్థే విచారించాలనే వాళ్లు ఈ లెక్క చూపిస్తారు. వాళ్లు చెప్పేది సబబే. చర్చి తనను తాను విచారించుకున్నప్పుడు బాల్‌ను కాపాడింది, బెల్‌ను బలిచ్చింది. రెండుసార్లూ ముందు చూసుకున్నది తన పరువే.

2025 ఫిబ్రవరిలో చర్చి మహాసభ సగం దారిలో ఆగింది. ఇలాంటి ఫిర్యాదులు చూసే జాతీయ స్థాయి సిబ్బందిని బయటి సంస్థకు మార్చడానికి ఒప్పుకుంది. డయాసిస్‌లు, కెథడ్రల్‌లలో ఈ పని చూసేవాళ్లను మాత్రం ప్రస్తుతానికి ఉన్నచోటే ఉంచింది. కార్లైల్ చేసిన సిఫార్సుల్లో చాలావాటికి తల ఊపిన చర్చి ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు: నేరం ఒప్పుకోకుండా పరిహారం ఇచ్చి ముగించిన కేసుల్లో ఆరోపణ ఎదుర్కొన్న మనిషి పేరు బయటపెట్టకూడదన్నది ఆ సిఫార్సు.