కర్ర ఇల్లు కట్టేవాళ్ల అపోహలు – వాస్తవాలు: పచ్చి కలపతోనే సగం నష్టం

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కలప పని చేసేవాళ్లకు ఒకే రకం ఫోన్లు. "పొలం గట్టున టేకు కొట్టించాం, కోత పెట్టించాం. ఇరుగుపొరుగు తలో చెయ్యి వేస్తామన్నారు. ఉగాదికల్లా కర్ర ఇల్లు నిలబడాలి." కర్ర ఎన్నాళ్లు ఆరింది అని అడిగితే, "పది రోజులు ఎండలో పెట్టాంగా, మన ఎండ సంగతి తెలిసిందేగా!" అంటారు. మిగతా అపోహల వల్ల వందలో, వేలో పోతాయి. ఈ ఒక్కదానితో ఇల్లే పోతుంది. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

అపోహ: మన ఎండకి కర్ర పది రోజుల్లో ఆరిపోతుంది

మిర్చి కళ్లంలో ఆరినట్టు కర్ర ఆరదు. కర్రలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో ఉండే నీళ్లు ముందు పోతాయి. అవి పోతున్నంతసేపూ బరువు తగ్గుతుంది గానీ కొలత తగ్గదు. తేమ సుమారు 28 శాతానికి దిగాక కణాల గోడల్లోని నీళ్లు కదలడం మొదలవుతుంది. కర్ర కుంచించుకునేది, మెలి తిరిగేది, పగిలేది అప్పుడే. మొదటి నెలలో పలక పైకి పొడిగా ఉంటుంది, ఎత్తితే తేలికగా ఉంటుంది, టేపు పెడితే అంగుళంలో పిసరైనా తగ్గదు. "మా కర్ర మంచిదండీ, అసలు తగ్గలేదు" అని బిగించేస్తారు. అది తగ్గడం ఇంకా మొదలే కాలేదు.

ఎంత తగ్గుతుందో లెక్క చూడండి. దుంగని ఒక పక్క నుంచి వరసగా పలకలు తీస్తూ నిలువునా కోసిన 10 అంగుళాల వెడల్పు టేకు పలక, మన కోస్తా గాలికి తగ్గట్టు 13 శాతం తేమకి వచ్చేసరికి సుమారు మూడో వంతు అంగుళం తగ్గుతుంది. 12 అడుగుల గోడకి అలాంటివి 14 పలకలు పడతాయి. అన్ని సందులూ కలిపితే నాలుగున్నర అంగుళాలు. కుంచించుకునే విషయంలో టేకు నెమ్మదస్తురాలు. నీలగిరి, సుబాబుల్ ఇంతకంటే చాలా ఎక్కువ తగ్గుతాయి. పొడవులో మాత్రం ఏ కర్రా లెక్కపెట్టాల్సినంత తగ్గదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, గోడల దగ్గర పనికొస్తుంది.

ఎండలో పెడితే త్వరగా ఆరుతుందనేది రెండో పొరపాటు. ఎండకి పైపొర ఆరి బిగుసుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ లాగుడుకి పైన పగుళ్లు వస్తాయి, కొసల్లో అడుగు లోపలికి చీలిపోతుంది. రోహిణి కార్తెలో కొట్టించి డాబా మీద పరిచిన టేకు పలకల్లో ఒక్కటి కూడా చివరి దాకా బాగుండదు. కర్రని ఆరబెట్టేది నీడలో గాలి.

దొంతి ఇలా పెట్టండి:

- కోసిన రోజే రెండు కొసలకీ తారు గానీ, మిగిలిపోయిన చిక్కటి ఎనామెల్ రంగు గానీ దట్టంగా పూయండి. కొసల నుంచి నీళ్లు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతాయి. చీలేది అందుకే.
- నేలకి అడుగున్నర ఎత్తున సిమెంటు దిమ్మెలు పెట్టి, వాటి తలాలన్నీ ఒక మట్టానికి తెండి. దారం పట్టి చూడండి. దిమ్మె అర అంగుళం దిగితే ఆ వంపు పలకలో శాశ్వతంగా ఉండిపోతుంది.
- వరుసకీ వరుసకీ మధ్య అంగుళం మందం బద్దలు, రెండడుగులకి ఒకటి చొప్పున పెట్టండి. పై బద్ద సరిగ్గా కింది బద్ద మీదే పడాలి. బద్దలు ఆరిన కర్రవే కావాలి. పచ్చివి వాడితే నల్ల చారలు పడతాయి.
- పైన రేకు కప్పండి, దాని మీద బరువు పెట్టండి. నాలుగు పక్కలా తెరిచే ఉంచండి. టార్పాలిన్ చుట్టేస్తే వారంలో బూజు పడుతుంది.

ఈ పద్ధతిలో అంగుళం పలకకి మూడు నాలుగు నెలలు పడుతుంది. రెండంగుళాలదానికి ఎనిమిది నెలలు అనుకోండి. ఆరంగుళాల స్తంభం లోపలి దాకా ఆరడానికి ఏళ్లు పడుతుంది. దాని తేమ తగ్గేలోపు కదలికకి చోటిచ్చి కట్టుకోవాలి గానీ ఎదురుచూసి లాభం లేదు. కార్తీకం, మార్గశిరాల్లో కొట్టి, వెంటనే కోసి దొంతి పెడితే చలికాలం నెమ్మదిగా ఆరడం మొదలై, వేసవి గాడ్పులు వచ్చేసరికి గండం దాటుతుంది. వైశాఖానికి అంగుళం పలకలు చేతికొస్తాయి. వానాకాలంలో మొదలుపెడితే ఈ నెలల లెక్క పనికిరాదు. శ్రావణ భాద్రపదాల గాలిలో కర్ర ఆరడం దాదాపు ఆగిపోతుంది.

ఆరిందో లేదో చూపుతో తేలదు, తట్టి చూసినా తేలదు. పిన్నులు గుచ్చే తేమ మీటరు ఉంటే సరే. లేకపోతే పలక కొస నుంచి అడుగు లోపల చిన్న ముక్క కోసి, వంటింటి తూకం మీద తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గని దాకా ఉంచండి. ముందు 520 గ్రాములు, చివరికి 400 గ్రాములు అయితే పోయింది 120. దాన్ని 400తో భాగిస్తే 30 శాతం. అంటే తగ్గడం ఇంకా మొదలే కాలేదు. 15కి దిగితే బిగించండి. ఓవెన్ కూడా లేనివాళ్లు దొంతి మధ్య నుంచి ఒకే పలకని వారానికోసారి తీసి తూచండి. వానల్లేని రోజుల్లో వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే.

అపోహ: దుంగల మీద దుంగలు పేరిస్తే ఇల్లు అయిపోతుంది

వీడియోల్లో చూసి అందరూ అడిగేది ఇదే. అది చలిదేశాల పద్ధతి. అక్కడ లావు గోడ చలి నుంచి కాపాడుతుంది. మన దగ్గరా కట్టుకోవచ్చు గానీ రెండు విషయాలు తెలుసుకుని దిగండి.

ఒకటి, కలప. 12 అడుగులకి 16 అడుగుల గది, 9 అడుగుల గోడ, 8 అంగుళాల దుంగలు అనుకుందాం. గుమ్మం, కిటికీలు పోను 230 ఘనపుటడుగుల దాకా కర్ర కావాలి. అదే గదికి 6 అంగుళాల స్తంభాలు ఎనిమిది, చుట్టూ మూడు వరసల అడ్డకర్రలు, నిలువుగా అంగుళం పలకలు, సందుల మీద బద్దలు వేసుకుంటే 70, 75 ఘనపుటడుగుల్లో గోడలు పూర్తవుతాయి.

రెండు, గోడ దిగుతుంది. దుంగలు అడ్డంగా పడుకుంటాయి కాబట్టి ప్రతి దుంగా మందంలో తగ్గి, మొత్తం గోడ కిందికి జారుతుంది. తొమ్మిదడుగుల టేకు గోడకి 3 అంగుళాలు, నీలగిరికి 5 అంగుళాలు దిగుతుందనుకుని చోటు వదలాలి. గుమ్మం, కిటికీల పైన ఆ సందు ఖాళీగా ఉంచి పైనుంచి పలకతో మూయాలి. పక్క చట్రాన్ని దుంగలకి మేకులు కొట్టకూడదు. దుంగల కొసల్లో నిలువు గాడి తీసి, దానిలో జారే బద్దకి చట్రం బిగించాలి. నడిమి స్తంభాల కింద మరజాకీ పెట్టి, గోడ దిగిన కొద్దీ స్తంభాన్ని దించుతూ రావాలి. ఇవేమీ చెయ్యకుండా కడితే మొదటి వేసవికే తలుపు పట్టేస్తుంది, కిటికీ అద్దం పగులుతుంది, నడిమి స్తంభం మీద కప్పు గూని పడుతుంది. అప్పుడు వడ్రంగిని తిడతారు.

స్తంభం పొడవులో తగ్గదని పైన చెప్పాను కదా. అందుకే నిలువు పలకల ఇల్లు దిగదు. మన ప్రాంతానికి నేను గట్టిగా చెప్పేది అదే. పలకకి మధ్యలో ఒక్క వరస మేకులే కొట్టండి, పైబద్దని ఒక పలకకే బిగించండి. పలక రెండు వైపులకీ కదులుతుంది, చీలదు.

అపోహ: టేకుకి చెద పట్టదు

టేకు చేవకి, అంటే దుంగ నడిమి ముదురు కర్రకి పట్టదు. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకి పడుతుంది, పుచ్చు పురుగూ పడుతుంది. గట్ల మీద పదిహేనేళ్లకి కొట్టే టేకులో చేవ ఎంతో చూడండి. చుట్టుకొలత 30 అంగుళాలంటే అడ్డం తొమ్మిదిన్నర. చుట్టూ అంగుళంన్నర తెల్ల చెక్క పోతే ఆరున్నర అంగుళాల చేవ మిగులుతుంది, అంటే దుంగలో సగానికి లోపే. అయినా "టేకేగా" అని తెల్ల చెక్కతో సహా గుమ్మానికి వాడతారు. రెండేళ్లకి గుమ్మం కింద తెల్లటి పొడి రాలుతుంటే గుండెలు బాదుకుంటారు.

తెల్ల చెక్కని పారెయ్యక్కర్లేదు. లోపలి అల్మరాలకి, పైకప్పు కింద వాన తగలని చోటికి వాడండి. పచ్చిగా ఉండగానే బోరాక్స్, బోరిక్ ఆమ్లం మూడు పాళ్లకి రెండు పాళ్లు కలిపి, వేడినీళ్లలో కరిగించి, పలకల్ని ముంచి తీసి, వారం పది రోజులు కప్పి ఉంచి ఆ తర్వాత దొంతి పెట్టండి. మందు తడితోపాటు లోపలికి ఎక్కుతుంది. వాన తగిలే చోట ఇది కడుక్కుపోతుంది కాబట్టి బయటి గోడకి వద్దు.

నేలకి మందు వేరే. పునాది లోపల మట్టి దిమ్మిస చేశాక ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, చదరపు మీటరుకి 5 లీటర్లు పోయాలి. చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ తప్పదు. బావికీ బోరుకీ దగ్గరైతే ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. కర్ర ఎక్కడా మట్టికి తగలకూడదు. ఇది మందు కంటే ముఖ్యం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చాలు: చాలదు. కర్ర పైపొరకే అంటుకుంటుంది, లోపలికి దిగదు. వాసన పోయాక చెద దాని మీదుగానే గూడు కట్టుకుంటూ పోతుంది. పైగా ఆ జిడ్డు మీద ఏ రంగూ నిలవదు.

వేప చేదు కాబట్టి పురుగు రాదు: వేప చేవ ఫర్వాలేదు, తెల్ల చెక్కకి వస్తుంది.

అమావాస్యకి కొడితే పుచ్చదు: చెట్టులో నీళ్లు తిథిని బట్టి మారవు. నమ్మకం ఉంటే ఆ రోజే కొట్టుకోండి, ఆరబెట్టడం మాత్రం మానకండి.

చెరువులో నానేస్తే కర్ర గట్టిపడుతుంది: గట్టిపడదు. వెదురులో, తాటిలో పురుగు తినే పిండి పదార్థం కొంత కరిగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు నానేసేవారు. నానేశాక ఆరబెట్టే పని మళ్లీ మొదటి నుంచీ ఉంటుంది.

మిల్లువాళ్లు కలప కాజేస్తారు: 48 అంగుళాల చుట్టు, 10 అడుగుల పొడవు దుంగని అడితిలో 10 ఘనపుటడుగులుగా లెక్కిస్తారు. చుట్టులో నాలుగో వంతుని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగించే లెక్క అది. అందులో పలకలు ఆరు ఘనపుటడుగులు వస్తే మామూలే. మిగతాది పొట్టు, పైచెక్కలు. ఇంటి దగ్గరే చైన్ రంపంతో కోసుకుంటే ఒక్కో కోతకి ఒక సెంటీమీటరు దాకా పొట్టైపోతుంది, బ్యాండ్ రంపానికి మూడు మిల్లీమీటర్లే. పలచటి పలకలకి మిల్లే మేలు, లావు స్తంభాలకి చైన్ రంపం చాలు.

కర్ర ఇల్లు తేలిక, పునాది అక్కర్లేదు: గుంటూరు నల్లరేగడిలో ఇది పెద్ద ప్రమాదం. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. ఇల్లు తేలికైతే ఇంకా సులువుగా ఎత్తేస్తుంది. నల్లమట్టి తీసేసి గ్రావెల్ నింపి దిమ్మిస చేయండి, లేదా రేగడి దాటి గట్టి నేలదాకా పైల్స్ దించండి. గాలి సంగతీ చూడాలి. విజయవాడకి ఇళ్ల లెక్కల్లో వేసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అడుగు దూలాన్ని కాంక్రీటులో పాతిన 16 మిల్లీమీటర్ల బోల్టులతో నాలుగడుగులకి ఒకటి చొప్పున బిగించండి. ప్రతి వాసాన్నీ పై దూలానికి ఇనప పట్టీతో కట్టండి. బుడమేరు పరిసరాల్లో కట్టేవాళ్లు 2024 సెప్టెంబరు నీటి గుర్తు పక్కింటి గోడ మీద ఎక్కడుందో చూసి, దానికి పైన అరుగు లేపండి.

సొంత పొలం, సొంత చెట్టు, అనుమతి ఎందుకు: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత పొలంలో చెట్టుకీ వర్తిస్తుంది. టేకు కొట్టడానికి అనుమతి, మిల్లుకి తరలించడానికి రవాణా పర్మిట్ కావాలి. సుబాబుల్, నీలగిరి, సరుగుడుకి ఉన్న సడలింపు టేకుకి లేదు. భూమి కాగితాలు, చెట్ల సంఖ్య, చుట్టుకొలతలు రాసుకుని ముందే అటవీ రేంజి కార్యాలయంలో కలవండి. ట్రాక్టరు దారిలో ఆగిపోయాక పరిగెత్తి ప్రయోజనం లేదు.

నలుగురు పొరుగువాళ్లు ఉంటే చాలు: 8 అంగుళాల లావు, 12 అడుగుల పచ్చి టేకు దుంగ వంద కిలోలకి తగ్గదు. నడుం ఎత్తు దాకా ఆరుగురు ఎత్తగలరు. ఆ పైన ఏటవాలు కర్రల మీద తాళ్లతో దొర్లించాలి, లేదా చైన్ బ్లాక్ కట్టాలి. దుంగ కింద ఎవరూ నిలబడకూడదు. పిలుపు ఇచ్చేది ఒక్కరే అయి ఉండాలి. పిలిచిన వాళ్లకి భోజనం పెట్టినట్టే, గట్టి బూట్లు కూడా మీరే చూడండి. కాలి వేళ్లు నలిగేది ఎక్కువగా సాయానికి వచ్చినవాళ్లకే.

ఇప్పటికే పచ్చి కర్రతో కట్టేసి, ఇది చదివి కంగారు పడుతున్నవాళ్లు ఉంటారు. కంగారు పడకండి. కదలిక ఆగేదాకా, కనీసం ఒక వేసవి పూర్తిగా గడిచేదాకా, రంగులు, వార్నిష్, పుట్టీ వెయ్యకండి. పగుళ్లు ఇప్పుడే పూడిస్తే, వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు ఆ పుట్టీయే చీలికని ఇంకా తెరుస్తుంది. బోల్టులన్నీ మూడు నెలలకోసారి బిగించండి. కర్ర తగ్గిన కొద్దీ అవి వదులవుతాయి. మేకులు వదులైన చోట వాటిని తిరిగి కొట్టకుండా తీసేసి మరలు వెయ్యండి. దుంగకి పొడవునా, నార వెంట వచ్చిన పగులు చూడటానికి భయంగా ఉంటుంది గానీ బలాన్ని పెద్దగా తగ్గించదు. పై వైపుకి తెరుచుకున్న పగుళ్లలోకి మాత్రం వాన దిగకుండా చూరు ముందుకి పొడిగించండి. దూలం కింది అంచున ముడి దగ్గర అడ్డంగా చీలిక వచ్చినా, బోల్టు రంధ్రం నుంచి కొస దాకా పగిలినా ఆ రోజే కింద ఆసరా కర్ర నిలబెట్టి, పని తెలిసిన వడ్రంగిని పిలవండి.