షో క్వయర్ పోటీలు: పాట్‌లక్ బల్ల దగ్గర నేను విన్న అపోహలు

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి మార్చి నెలాఖరు దాకా శనివారాలు నావి కావు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు చలిలో తెల్లవారుజామున 5:30కి స్కూల్ పార్కింగ్‌లో పసుపు బస్సు పక్కన నిలబడి తలలు లెక్కపెడుతుంటాను. 50 మంది పిల్లలు. జుట్టు కదలకుండా స్ప్రే, మొహాన పూర్తి మేకప్, ఒంటి మీద మాత్రం పైజామా, చేతిలో కాస్ట్యూమ్ సంచి. మళ్ళీ ఇల్లు చేరేసరికి ఆదివారం వచ్చేసి రెండు గంటలవుతుంది.

హైస్కూల్లో నాలుగేళ్ళు నేనూ షో క్వయర్‌లో ఆల్టో, అంటే అమ్మాయిల గొంతుల్లో కింది భాగం, పాడాను. ఇప్పుడు ఒక స్కూల్లో గాత్రం సంగతి చూసుకునే అసిస్టెంట్‌ని. అప్పుడప్పుడు వేరే ఊళ్ళ పోటీలకి జడ్జిగా వెళ్తాను. ఈ మధ్య మన పిల్లలు కూడా చేరుతున్నారు. అందుకని పాట్‌లక్‌లో (ఇంటికో వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందు) ప్లేటు పట్టుకుని నిలబడితే చాలు, ఎవరో ఒక అంకుల్ "అమ్మా, ఆ డాన్స్ క్లాసు మీరే కదా చూసేది" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నలకి ఒకచోట జవాబు రాసి పెడదామని ఇది.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ముందు రెండు ముక్కలు. షో క్వయర్ అంటే, మెట్లలా అమర్చిన వేదిక మీద 30 నుంచి 60 మంది హైస్కూల్ పిల్లలు డాన్స్ చేస్తూ, గొంతుల్ని నాలుగైదు భాగాలుగా విడదీసుకుని పాడతారు. వెనకో పక్కనో లైవ్ బ్యాండు. వరసగా ఐదారు పాటలు, మధ్యలో బట్టలు మార్చుకోవడం, మొత్తం 20 నిమిషాలు. ఫ్రెడ్ వేరింగ్ బృందంలాంటి పాత గాన బృందాల నుంచి, 1962లో మొదలైన 'యంగ్ అమెరికన్స్' అనే బృందం నుంచి వచ్చిన పద్ధతి ఇది. స్కూళ్ళ మధ్య పోటీగా మారింది 1970ల్లో. మా రాష్ట్రంలోనే, ఫోర్ట్ వేన్ ఊళ్ళో బిషప్ లూయర్స్ హైస్కూల్ మొదలుపెట్టిన పోటీ తొలినాళ్ళ వాటిలో ఒకటి. ఇప్పుడు మిడ్‌వెస్ట్‌తో పాటు మిసిసిపీ, కాలిఫోర్నియాల్లోనూ దీనికి పిచ్చి అభిమానులున్నారు. మా ఇండియానాలో కార్మెల్ హైస్కూల్ వాళ్ళ 'అంబాసడర్స్', మిసిసిపీలో క్లింటన్ వాళ్ళ 'అటాషే', కాలిఫోర్నియాలో లాస్ అలమిటోస్ వాళ్ళ 'సౌండ్ ఎఫెక్స్' పేర్లు చెబితే మా పిల్లలు మనవాళ్ళు హీరోల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు.

అపోహ: ఇది డాన్స్ పోటీ. పాట ఎలాగూ ట్రాక్‌లో వస్తుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. మేం వెళ్ళే పోటీల్లో రికార్డు చేసిన గొంతు వాడటానికి వీల్లేదు. వేదిక ముందు అంచున కొన్ని మైకులు, పైనుంచి వేలాడేవి కొన్ని, సోలో పాడేవాళ్ళ చేతికి ఒకటి. అంతే. నేను కూర్చున్న ప్యానెళ్ళలో ఎక్కువ వాటిలో సగానికి పైగా మార్కులు గాత్రానివే. శ్రుతి, గొంతుల కలయిక, భాగాల మధ్య సమతూకం, ఉచ్చారణ అన్నీ విడివిడిగా వేస్తాం.

ఎగురుతూ ఎలా పాడతారని అడుగుతారు. మంత్రం ఏమీ లేదు, ఆగస్టు నుంచే జిమ్ చుట్టూ పరుగెడుతూ పాడిస్తాం. మొదటి వారం సగం చుట్టుకే గొంతు గాలైపోతుంది. అక్టోబరుకి రెండు చుట్లు లాగేస్తారు. ఇంకోటి, వంతులవారీగా ఊపిరి తీసుకోవడం. మేం స్టాగర్ బ్రీతింగ్ అంటాం. పొడవైన స్వరం మధ్యలో పక్కపక్కనున్న ఇద్దరూ ఒకేసారి గాలి పీల్చకూడదు. నువ్వు మూడో మాట తర్వాత, నీ పక్కమ్మాయి ఐదో మాట తర్వాత. వినేవాళ్ళకి ఆ స్వరం ఎక్కడా తెగినట్టే అనిపించదు. డాన్స్ కూర్చేవాళ్ళకి కూడా ఈ లెక్క తెలియాలి. కష్టమైన పైస్వరం దగ్గర గెంతు పెట్టే కొరియోగ్రాఫర్‌తో నేను ఏటా ఒక్కసారైనా వాదన పెట్టుకుంటాను.

అసలు రంగు బయటపడేది బ్యాలడ్‌లో. మూడు హుషారు పాటలయ్యాక అందరూ కదలకుండా నిలబడి నెమ్మదిగా పాడే పాట అది. చూసేవాళ్ళు 'హమ్మయ్య, పిల్లలకి కాస్త విశ్రాంతి' అనుకుంటారు. గుండె దడదడలాడుతుంటే, గాలి ఒత్తిడి తగ్గి స్వరం మెల్లగా కిందికి జారిపోయేది సరిగ్గా అక్కడే. పదకొండో తరగతిలో ఉన్నప్పుడు మా ఆల్టోలం అలాగే జారాం. పోటీలో జడ్జీలు పాట వింటూనే తమ వ్యాఖ్యలు రికార్డు చేస్తారు. సోమవారం క్లాసులో ఆ రికార్డు పెట్టారు. "ఆల్టోలు దిగుతున్నారు... ఇంకా దిగుతున్నారు..." అంటూ ఒక పెద్దాయన గొంతు, దాని వెనకే మేము. నేల చీలితే బాగుండు అనిపించింది. ఇప్పుడు జడ్జిగా నేను మాట్లాడేటప్పుడు, సోమవారం అది వినబోయే పిల్ల మొహం గుర్తొచ్చి మాట కాస్త చూసుకుంటాను.

అపోహ: 'గ్లీ'లో చూపించినట్టే ఉంటుంది.

వాస్తవం: 2009 నుంచి 2015 దాకా ఫాక్స్ ఛానెల్లో వచ్చిన ఆ సీరియల్ పుణ్యమా అని ఈ కళ పేరు ప్రపంచానికి తెలిసింది, కాదనను. కానీ అందులో వారానికో కొత్త పాట పుడుతుంది. మాకు ఒక్క షోయే సీజనంతా. వేసవికి ముందే పాటలు ఎంచుకుని, మా గొంతులకి తగ్గట్టు రాయించుకుని, ఆగస్టులో నాలుగు రోజుల క్యాంపులో డాన్స్ నేర్చుకుంటారు. ఆ తర్వాత అదే 20 నిమిషాల్ని ఆర్నెల్లు తోముతూనే ఉంటాం. ఆ మెట్లెక్కే వ్యవహారం కూడా, జిల్లా గెలిచి, రాష్ట్రం గెలిచి, జాతీయానికి వెళ్ళడం, ఇక్కడ ఎక్కువగా లేదు. ప్రతి పోటీనీ ఏదో ఒక స్కూలు నడుపుతుంది, ఫీజు కట్టి వెళ్తాం, ఆ శనివారం కథ ఆ శనివారంతో సరి. ఇండియానాలో రాష్ట్ర స్థాయి ఫైనల్స్ ఉన్నాయి గానీ అన్ని రాష్ట్రాల్లో అలా కాదు. 'నేషనల్స్' అనే పేరుతో ఒకటి కంటే ఎక్కువ పోటీలున్నాయి. కాబట్టి ఎవరైనా "మావాడి టీమ్ నేషనల్ ఛాంపియన్" అంటే, సంతోషించండి, ఏ నేషనల్స్ అని కూడా అడగండి.

అపోహ: ముందు వరసలో లేకపోతే లాభం లేదు.

వాస్తవం: ఈ మాట మన తల్లిదండ్రుల నోట విన్నంతగా ఇంకెవరి నోటా వినలేదు. టీవీలో పాటల పోటీలు చూసి పెరిగాం కదా. ఒక మైకు, ఒక గొంతు, ఎదురుగా ముగ్గురు జడ్జీలు. పోటీ అంటే మన కళ్ళకి కట్టేది అదే. షో క్వయర్‌లో 50 మంది ఒకే గొంతులా వినపడాలి, ఒకే చెయ్యిలా లేవాలి. ఒకరు విడిగా కనిపించారంటే, మెచ్చుకోవడానికి కాదు, నేను తప్పు రాసుకుంటున్నానని అర్థం.

పైమెట్టు మీద వెనక నిలబడేవాళ్ళు చాలాసార్లు మా గట్టి గాయకులే. వాళ్ళ గొంతు ముందువాళ్ళ చెవుల్లో పడుతూ ఉంటే ముందువరస తడబడదు. జడ్జీలు కూర్చునేది కూడా హాల్లో కాస్త ఎత్తున, అక్కడినుంచి నాలుగు వరసలూ సమానంగా కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే పైమెట్టు మీద చెయ్యి ఆలస్యంగా లేస్తే ముందువరసలో కంటే బాగా తెలుస్తుంది, దానికి అడ్డంగా ఎవరూ ఉండరు మరి. పైగా వరసలు పాటపాటకీ మారతాయి. ఒకాయన వీడియో తీసి, వాళ్ళమ్మాయి ఎన్ని సెకన్లు ముందు ఉందో లెక్కకట్టి నాకు మెయిల్ పెట్టారు. ఆయన చెప్పిన లెక్క కరెక్టే. ఆ ఓపికని ఆ పిల్ల ఆల్టో లైను సాధన చేయించడానికి వాడి ఉంటే బాగుండేది.

అపోహ: కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకి ఇది చిటికెలో పని.

వాస్తవం: సగం నిజం. శ్రుతి జ్ఞానం, తాళం, విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోవడం వాళ్ళకి వచ్చేసి ఉంటాయి. ఎవరూ పట్టించుకోని ఇంకో మేలు మన అచ్చులు. అమెరికన్ పిల్ల 'గో' అన్నప్పుడు చివర్లో అది 'ఊ' వైపు జారుతుంది. పన్నెండు మంది పన్నెండు చోట్ల జారితే స్వరం మసకబారుతుంది, దాన్ని సరిచెయ్యడానికి మాకు వారాలు పడుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల 'ఓ' అంటే మొదలు నుంచి చివరిదాకా 'ఓ' గానే ఉంటుంది. "ఆ అమ్మాయి పక్కన నిలబడి అచ్చు విను" అని మిగతావాళ్ళకి చెప్పిన రోజులున్నాయి.

ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి గమకం. చిన్నప్పటి నుంచి స్వరాన్ని ఊపి పాడమని నేర్పి, ఇక్కడ కర్రలా నిటారుగా నిలబెట్టమంటాం. రెండోది ఇంకా కష్టం, పక్కవాళ్ళు పాడే అసలు వరసని వింటూ కూడా దాని వెంట పోకుండా ఉండటం. మన సంగీతంలో అందరూ పాడేది ఒకటే వరస. ఇక్కడ ఆల్టోకి పాట అంతా కలిపి మూడు స్వరాల మధ్యే తిరిగే లైను వస్తుంది, పక్కనే సొప్రానోలు, అంటే పైగొంతు అమ్మాయిలు, హాయిగా అసలు పాట పాడుతుంటారు. చెవి అటే లాగుతుంది. నేను మొదటి సెమిస్టరంతా అలా కొట్టుకుపోయినదాన్నే. గట్టెక్కించింది మా అమ్మ. గుంటూరులో చర్చి క్వయర్‌లో పెళ్ళయ్యేదాకా ఆల్టో పాడిన మనిషి. నన్ను వంటింట్లో నిలబెట్టి, తను కూర కలుపుతూ పై వరస పాడుతూ నా లైను నన్ను పాడమనేది. తప్పితే గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టేది. ఇప్పుడు మా పిల్లలకి చెప్పేది కూడా అదే, గరిటె లేకుండా: మీ లైను ఒంటరిగా కాదు, మిగతా లైన్ల రికార్డింగు పెట్టుకుని దానికి ఎదురుగా పాడండి.

అపోహ: మొత్తం మార్కులు ఎక్కువ ఎవరికి వస్తే వాళ్ళదే గెలుపు.

వాస్తవం: కొన్నిచోట్ల అంతే. చాలాచోట్ల మార్కుల్ని ర్యాంకులుగా మారుస్తారు, ఎందుకో ఒక లెక్క చూడండి. ముగ్గురు జడ్జీలు. మొదటాయన 'అ' టీముకి 95, 'ఆ' టీముకి 80 వేశారు. మిగతా ఇద్దరూ 'అ'కి 85, 'ఆ'కి 86 వేశారు. కూడితే 'అ'కి 265, 'ఆ'కి 252. కానీ ముగ్గురిలో ఇద్దరి దృష్టిలో 'ఆ'నే మేలు. ర్యాంకుల పద్ధతిలో 'ఆ' గెలుస్తుంది. ఒక్క జడ్జి చెయ్యి బరువు మిగతా ఇద్దరి మాటనీ తొక్కెయ్యకుండా చేసిన ఏర్పాటు ఇది. ఫలితాలు చెప్పాక "మోసం" అంటూ ఫేస్‌బుక్‌లో రాసేముందు ఆ పోటీ ఏ పద్ధతి వాడిందో చూసుకోండి.

అపోహ: మగపిల్లలకి ఇదెందుకు?

వాస్తవం: టెనర్, బేస్ అనే మగ గొంతులకి ఎప్పుడూ కరువే. గొంతు మారుతున్న వయసు కుర్రాడైనా సరే, పంపండి.

అపోహ: స్టేజి మీద ఉన్నవాళ్ళదే కష్టం.

వాస్తవం: మెట్లు, కర్టెన్లు, వాద్యాలు అన్నీ లోపలికి తోసి, పాడాక బయటికి లాగడానికి కొలిచిన నిమిషాలే ఇస్తారు. గడువు దాటితే మార్కులు కోస్తారు. అందుకే చాలా పోటీల్లో ఈ పని చేసే బృందానికి, అంటే బెస్ట్ క్రూకి, బెస్ట్ బ్యాండుకి విడిగా ట్రోఫీలుంటాయి. బట్టలు మార్చడం అయితే చూసి తీరాలి. పై గౌను వెనక బటన్లకి బదులు వెల్క్రో, కింద రెండో దుస్తులు ముందే వేసుకుని ఉంటారు, తెర వెనక ఒక్కొక్కరికీ ఒక్కో చెయ్యి సాయం, అర నిమిషంలో వెనక్కి. మా క్రూలో ఒక తెలుగబ్బాయి ఉండేవాడు, పాడటం రాదు, డాన్స్ అసలే రాదు. ఏ మెట్టు ఏ చక్రం మీద ఎటు తిరుగుతుందో కాగితం మీద గీసి పెట్టుకునేవాడు. వాడు గ్రాడ్యుయేట్ అయ్యి వెళ్ళాక మాకు తెలిసొచ్చింది.

అపోహ: ట్రోఫీలుంటే కాలేజీ సీటు ఖాయం, లేకపోతే డబ్బు దండగ.

వాస్తవం: సీటు ఖాయమేమీ కాదు. ఆ ఆశతో చేర్పించొద్దు. ఖర్చు మాత్రం ఉంటుంది, కాస్ట్యూములు, బూట్లు, బస్సులు, పాటల హక్కులు. స్కూల్ని బట్టి వందల డాలర్ల నుంచి వెయ్యి దాటేదాకా. కట్టలేనివాళ్ళకి సాయం చేసే నిధి చాలా చోట్ల ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. సొంత స్కూల్లో పోటీ నడిపితే వచ్చే డబ్బే ఏడాదికి పెద్ద ఆధారం, ఆ రోజు తల్లిదండ్రులందరూ ఏదో ఒక కౌంటర్లో ఉంటారు. చిప్స్ పొట్లం కోసి అందులోనే కూర వేసిచ్చే వాకింగ్ టాకోల పక్కన, పోయినేడు మన ఆంటీలు సమోసాలు పెట్టారు. పదకొండింటికల్లా అయిపోయాయి.

చూడటానికి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఉదయమంతా ప్రిలిమ్స్, అందులోంచి పై ఐదారు టీములే రాత్రి ఫైనల్స్‌లో మళ్ళీ పాడతాయి. 'రాత్రి ఏడింటికి వెళ్దాంలే' అని తీరిగ్గా బయల్దేరి, వచ్చేసరికి పిల్ల ఇంటి బట్టల్లో కూర్చుని పక్క స్కూలుకి చప్పట్లు కొడుతుంటే తెల్లబోయిన నాన్నల్ని చాలామందిని చూశాను. ఉదయం స్లాట్ ఎన్నింటికో గురువారమే అడిగి ఉంచుకోండి.