బీరువాలో మాత్రల డబ్బా: పెళ్లి, మానసిక జబ్బుల మీద అపోహలు - వాస్తవాలు

భార్యాభర్తల మధ్య దాగిన రహస్యాల మీద సైకలాజికల్ థ్రిల్లర్ ఏదైనా ఓటీటీలో హిట్టయిందంటే, ఆ తర్వాత కొన్ని వారాలపాటు అనంతపురంలో నా సైకియాట్రీ ఓపీకి వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. ఈ కథలన్నీ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. కొత్త జంట, పెద్ద ఇల్లు, బీరువాలో చీరల కింద ఒక మాత్రల డబ్బా. అది కంటబడిన క్షణం నుంచి సంగీతం మారుతుంది. ఇంటర్వెల్‌కు ఆ మనిషికి పాత జబ్బేదో ఉందని తెలుస్తుంది. క్లైమాక్స్‌కు చేతిలోకి కత్తి వస్తుంది. సినిమాగా చూసి వదిలేస్తే గొడవే లేదు, బాగా తీసినవి నేనూ ఇష్టంగా చూస్తాను. కానీ ఆ భయాన్ని ఇంటికి తెచ్చుకుని, మందులు ఆపేసి, ఆ తర్వాత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చే కుటుంబాలను చూస్తుంటే బాధేస్తుంది.

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. (ఇందులో చెప్పే మనుషుల ఊళ్లు, వివరాలు మార్చాను.) కూతురికి బైపోలార్, అంటే కొన్నాళ్లు హద్దుమీరిన హుషారు, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే జబ్బు. మాత్రల మీద చక్కగా ఉంది, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది, సంబంధం కుదిరింది. "అబ్బాయి వాళ్లింట్లో కూడా ఆ సినిమా చూసినారంట మేడం. పెండ్లి అయ్యేదాకా మాత్రలు నిలిపేస్తాం. ఒక నాలుగు నెలలు. ఏమన్నా అవుతాదా?" అని అడిగింది. అడుగుతున్నంతసేపూ ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఆ ప్రశ్న కోసమే. మిగతావి దారిలో చెప్పేస్తాను.

అపోహ: మానసిక జబ్బున్న భార్యో భర్తో ఎప్పటికైనా ప్రాణం మీదికి తెస్తారు.

జబ్బున్నవాళ్లలో చాలా చాలా మంది ఎవరి మీదా చెయ్యెత్తరు. దెబ్బలు తినేదీ, మోసపోయేదీ, ఆస్తి రాయించుకుని ఇంట్లోంచి గెంటితే వీధిన పడేదీ వాళ్లే. ప్రమాదం పెరిగే పరిస్థితులు లేవని అనను. వైద్యం అందక ముదిరిన జబ్బు, దానికి తోడు తాగుడో గంజాయో ఉంటే జాగ్రత్త పడాల్సిందే. కాబట్టి బీరువాలో మాత్రల డబ్బా కనబడితే భయపడక్కర్లేదు. ఆ డబ్బా ఖాళీ అయ్యాక మళ్లీ తెచ్చుకోకపోతే అప్పుడు ఆలోచించాలి.

అపోహ: స్కిజోఫ్రీనియా అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు.

కాదు. లేని మాటలు చెవిలో వినబడటం, ఎవరో తనకు కీడు తలపెడుతున్నారని గట్టిగా నమ్మడం, పనిమీద ఆసక్తి పోవడం లాంటివి దాని లక్షణాలు. రాత్రి ఒకరుగా పగలు మరొకరుగా మారిపోయే మనుషులు సినిమాల్లో కనబడినంతగా ఓపీలో కనబడరు. పూనకాలు, కొత్త కోడళ్లకు ఫిట్స్ లాగా వచ్చి పడిపోవడం మాత్రం చాలా చూస్తాం. అది నాటకం కాదు, నోటితో చెప్పలేని కష్టం ఒంటి మీదికి రావడం. ఆ పిల్లను అందరి ముందూ నిలదీయకండి. విడిగా కూర్చోబెట్టి, ఈ ఇంట్లో ఎలా ఉందో అడగండి.

ఇక అసలు విషయం.

అపోహ: పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది. అందాకా మాత్రలు ఆపి, విషయం దాచిపెడితే చాలు.

మా జిల్లాలో కుటుంబాలను ఎక్కువగా ముంచుతున్న మాట ఇదే. ఇది నాకు స్వామీజీల నోట కంటే మేనమామల నోట, పెళ్లిళ్ల పేరయ్యల నోట, ఒక్కోసారి చదువుకున్న అన్నల నోట ఎక్కువగా వినబడుతుంది. కోపం వస్తుంది. ఎందుకంటే సలహా ఇచ్చినవాళ్లు పెళ్లి భోజనం చేసి వెళ్లిపోతారు, ఆ తర్వాత జరిగేదంతా అనుభవించేది ఆ పిల్ల, ఆ పిల్లోడు.

స్కిజోఫ్రీనియా మగవాళ్లలో ఎక్కువగా ఇరవై ఏళ్లకు అటూ ఇటూ, ఆడవాళ్లలో ఇరవైల్లో, కొందరిలో ముప్పై దాటాక మొదలవుతుంది. బైపోలార్ కూడా సాధారణంగా ఆ వయసులోనే బయటపడుతుంది. మన దగ్గర పెళ్లి చేసే వయసూ అదే. అందుకే జబ్బుకూ పెళ్లికీ లేని ముడి వేస్తారు. పెళ్లయ్యాక తగ్గితే పెళ్లి వల్ల తగ్గిందంటారు, పెళ్లయ్యాక మొదలైతే కోడలు కాలుపెట్టిన వేళ అంటారు. రెండూ తప్పే.

మాత్రలు ఆపితే ఏమవుతుందో చూడండి. మొదటి పది, ఇరవై రోజులు చాలామందిలో ఏమీ కనబడదు. నిజానికి మత్తు తగ్గి, ముఖం తేటగా ఉండి, అందరికీ సంతోషంగా ఉంటుంది. "చూసినావా, మాత్రలే పిల్లను పాడు చేసినాయి" అంటారు. చీనీ తోటకు నీళ్లు ఆపిన మర్నాడే ఆకు వాడదు కదా. జబ్బు తిరగబెట్టడానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. స్కిజోఫ్రీనియాలో మందు ఆపినవాళ్లలో సగానికి మించి ఏడాది లోపలే మళ్లీ జబ్బున పడతారని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అలా తిరగబెట్టినప్పుడు మునుపటి మోతాదుకే లొంగుతుందన్న హామీ లేదు.

పైగా మన పెళ్లిళ్లు ఎలా జరుగుతాయి? ముందురోజు రాత్రి రిసెప్షన్, ఫొటోలు అయ్యేసరికి అర్ధరాత్రి. తెల్లవారుజామున ముహూర్తం. పెళ్లికూతుర్ని మూడింటికే లేపుతారు. తర్వాత వ్రతం, మొక్కులు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు. వారంపాటు సరైన నిద్ర ఉండదు. బైపోలార్ ఉన్న మనిషికి నిద్ర చెడటమే మేనియాకు, అంటే ఆ హద్దుమీరిన హుషారుకు, పెద్ద తలుపు తీసినట్టు. మందు ఆపి, నిద్ర కూడా ఆపితే జబ్బు రాకపోతేనే ఆశ్చర్యం. రాయదుర్గం వైపు ఒక అబ్బాయి పెళ్లయిన మూడో వారానికే అప్పు చేసి రెండు బైకులు కొన్నాడు, రాత్రంతా మిద్దె మీద పాటలు పాడాడు. ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ భార్యకు ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. అతను అలాంటి మనిషే కాబోలు అనుకుని ఆమె గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఆసుపత్రిలో చేర్చాక పాత మందుల చీటీలు బయటపడ్డాయి. అప్పుడు ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది: "జబ్బుందని చెప్పింటే నేను మాత్రలు ఇచ్చుకుంటాంటి కదా మేడం."

మనవాళ్లలో చాలామంది ఊళ్లో ఎవరికీ తెలియకూడదని బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లి చూపించుకుంటారు. మంచిదే, మానసిక వైద్యానికి అది దేశంలోనే పెద్ద సంస్థ. కానీ పెళ్లయ్యాక అత్తగారింటి నుంచి బెంగళూరు వెళ్లడానికి సాకు దొరకదు. ఫాలోఅప్ ఆగిపోతుంది. దాచిపెట్టి వైద్యం కొనసాగించడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది.

ఆడపిల్లల విషయంలో దాచడం ఇంకా ప్రమాదం. సోడియం వాల్‌ప్రోయేట్ అనే మందు బైపోలార్‌కూ మూర్ఛకూ వాడతారు. గర్భంలో అది బిడ్డకు చాలా చెడు చేస్తుంది. ఆ మందు మీద ఉన్న తల్లులకు పుట్టే ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరికి పుట్టుకతో అవయవ లోపం ఉంటుంది. వందలో ముప్పై నుంచి నలభై మందికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు రావచ్చు. అలాగని భయపడి మీ అంతట మీరు ఆపకండి. పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే డాక్టర్‌కు చెప్తే, గర్భం రాకముందే వేరే మందుకు మార్చే వీలుంటుంది. అత్తగారింట్లో దాచినవాళ్లు గైనకాలజిస్టు దగ్గర కూడా దాస్తారు. పక్కనే అత్త కూర్చుని ఉంటుంది మరి.

కాన్పు తర్వాత సంగతి కూడా చెప్పాలి. మామూలుగా వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి బాలింత దశలో తీవ్రమైన మతిచలనం వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. బైపోలార్ ఉన్న తల్లుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ స్థాయి తీవ్రమైన జబ్బు రావచ్చు. ముందే తెలిస్తే కాన్పు రోజు నుంచే జాగ్రత్త పడతాం, రాత్రి బిడ్డను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టిస్తాం. తెలియకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టి, తల్లినీ బిడ్డనూ ఒకే గదిలో వదిలేస్తారు. దేవుడికి మొక్కుకోండి, కసాపురం వెళ్లి నిద్ర చేసి రండి, నేనెప్పుడూ వద్దనను. మాత్ర మాత్రం వెంట తీసుకెళ్లండి.

దాచితే పెళ్లి నిలుస్తుందనుకుంటారు కదా, చట్టం చూస్తే అదీ తలకిందులే. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన విడాకులు రావు. స్కిజోఫ్రీనియా అనే పేరొక్కటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత ఉందని రుజువు చేయాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారంటే, హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ఆ పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోపు అడగాలి. చూశారా, జబ్బు కంటే దాచడమే కోర్టులో ఎక్కువ నష్టం చేస్తుంది. మూర్ఛ సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను: 1999లో చట్టం మార్చి, పెళ్లికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛను తీసేశారు.

మరి ఎలా చెప్పాలి? పెళ్లిచూపుల్లో అందరి ముందూ చెప్పక్కర్లేదు. ఇరువైపులా ఇష్టపడ్డాక, నిశ్చితార్థానికి ముందు, అబ్బాయి అమ్మాయి మాట్లాడుకునే సమయంలో జబ్బు పేరు, ఎప్పుడు వచ్చింది, ఇప్పుడెలా ఉంది, ఏ మందు వాడుతున్నారు, ఇవి చెప్తే చాలు. కావాలంటే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి రావచ్చు. అనుమానాలు అక్కడే తీరుతాయి. ధర్మవరంలో చీరల షాపులో పనిచేసే ఒకతను అలాగే చెప్పాడు. ఒకటి రెండు సంబంధాలు తప్పిపోయాయి, వాళ్లమ్మ ఏడ్చింది. తర్వాత ఒప్పుకున్న అమ్మాయి ఇప్పుడు ప్రతి ఫాలోఅప్‌కూ తనే చీటీ పట్టుకుని వస్తుంది, రాత్రి అతని నిద్ర తగ్గితే మాకంటే ముందు తనే కనిపెడుతుంది. తప్పిపోయిన సంబంధాలు తప్పిపోవడమే మేలైంది.

జీవితాంతం మాత్రలేనా అని అడుగుతారు. అందరికీ కాదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు తగ్గాక ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, మెల్లగా తగ్గిస్తాం. స్కిజోఫ్రీనియా, బైపోలార్‌కు ఏళ్లు పడుతుంది, కొందరికి ఎప్పటికీ కావాలి. పగలు మత్తుగా ఉంటే చెప్పండి, వేళ మార్చవచ్చు, మందే మార్చవచ్చు.

అపోహ: అనుమానం ఉందంటే అంత ప్రేమ ఉన్నట్టు.

ఫోన్ తీసి చూడటం, పాలవాడితో మాట్లాడినా నిలదీయడం, పక్క దుప్పటి పరిశీలించడం, తాగొచ్చి రాత్రంతా ఒప్పుకోమని వేధించడం, ఇది ప్రేమ కాదు. కొందరిలో ఇది వైద్యం చేయాల్సిన అనుమానపు జబ్బు, తాగుడుతో కలిసి బలపడుతుంది. థ్రిల్లర్లలో చూపించే ప్రమాదం నిజ జీవితంలో ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. ఎంత వాదించినా, ఎన్ని ఒట్లు పెట్టినా ఆ నమ్మకం పోదు, కాబట్టి రుజువులు చూపించే పనిలో పడకండి. ముందు మీ ప్రాణం చూసుకోండి. పుట్టింటికైనా, చుట్టాలింటికైనా వెళ్లండి. మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112. వైద్యం సంగతి తర్వాత మేం చూస్తాం.

ఇక సినిమాల్లో పాలల్లో మాత్ర కలిపిచ్చే సీను. నిజ జీవితంలో దాన్ని చేసేది విలన్లు కాదు, దిక్కుతోచని తల్లులు. మజ్జిగలో, చట్నీలో కలుపుతారు. మీ అవస్థ నాకు అర్థమవుతుంది. కానీ తనకు విషం పెడుతున్నారని అప్పటికే అనుమానపడే మనిషికి అది తెలిసిపోతే, ఆ అనుమానాన్ని మీరే నిజం చేసినట్టవుతుంది. నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, డాక్టర్‌తో మాట్లాడండి.

భార్యకు పిచ్చి అని సర్టిఫికెట్ రాయించుకోవడానికి వచ్చే భర్తలకు ఒక మాట. మీరు చెప్పిన కథ మీద నేను సర్టిఫికెట్ రాయను. ఆమెతో విడిగా మాట్లాడతాను. అలా మాట్లాడినప్పుడు జబ్బు కంటే ఎక్కువగా బయటపడేది ఆ ఇంట్లో ఆమె నోరు ఎలా నొక్కుతున్నారన్నదే.

కరెంటు షాకులు సినిమాలో చూపించినట్టు కట్టేసి ఇవ్వరు. మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. వంశపారంపర్యం అంటారా, తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పదింట ఒకటి. అంటే తొమ్మిది మందికి రాదు.

ఇప్పటికే దాచి పెళ్లి చేసుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, కంగారు పడకండి, మాత్ర మాత్రం ఆపకండి. ముందు ఒంటరిగా మీ డాక్టర్‌ను కలవండి. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం 2017 చట్టం మీకిచ్చిన హక్కు, మీరు ఒప్పుకోకుండా మీ భర్తకో భార్యకో మేం చెప్పం. ఎప్పుడు, ఎలా చెప్పాలో కలిసి ఆలోచిద్దాం. పిల్లల కోసం అనుకుంటుంటే గర్భం రాకముందే రండి. ఆసుపత్రి దాకా రాలేనివాళ్లు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చేసేటప్పుడు మందుల చీటీ చేతిలో పెట్టుకోండి.